వసీయతా, ట్రస్టా? ఆస్తి ఏర్పాటుపై షరీఅత్ దృష్టి

మనిషి కన్నుమూసిన రోజున ఇంటి ముందు చేరినవారు అడిగేది జనాజా నమాజు ఎప్పుడని. నలభై రోజులు గడవకముందే ఇంటి లోపల మరో ప్రశ్న తలెత్తుతుంది. ఇల్లు ఎవరి పేర ఉంది? పోయినవారు ఏమైనా రాసి వెళ్ళారా? దీనికి సమాధానం దొరకక అన్నదమ్ములు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరగడం, ఆడపడుచులు పుట్టింటి గడప తొక్కడం మానుకోవడం మన సమాజంలో అరుదైన సంగతులు కావు.

అందువల్ల బ్రతికి ఉండగానే ఆస్తికి ఒక ఏర్పాటు చేసిపోవాలన్న ఆలోచన విద్యావంతులైన ముస్లిములలో కలుగుతున్నది. ఇది హర్షించదగిన విషయం. ఇక్కడ ఉన్నవారు వీలునామా రాయాలా, దాన దస్తావేజు రిజిస్టరు చేయించాలా అని అడుగుతున్నారు. అమెరికాలో స్థిరపడిన తెలుగు ముస్లిం కుటుంబాలకు ఇదే ప్రశ్న మరో రూపంలో ఎదురవుతున్నది: వీలునామాయా, లేక అక్కడివారు లివింగ్ ట్రస్టు అని పిలిచే ఏర్పాటా? వకీలు ఖర్చు, కాలయాపన, పన్ను లెక్కచూసి దీనికి సమాధానం చెబుతాడు. ఆ లెక్కలు అవసరమే. అయితే ముస్లిం అయినవాడు అంతకంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది: మరణానంతరం ఈ ఆస్తిని పంచే అధికారం తనకు ఎంతవరకు ఉంది? దీనికి సమాధానం తెలిస్తే, ఏ కాగితం రాయాలన్నది చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

పంపకం ఎవరి నిర్ణయం?

షరీఅత్‌లో యాజమాన్యానికి మరణం హద్దు. ఆరోగ్యంగా బ్రతికి ఉన్నంతకాలం మనిషి తన సొత్తును అమ్ముకోవచ్చు, ఖర్చు పెట్టుకోవచ్చు, దానం చేయవచ్చు. కన్నుమూసిన తరువాత అది అతని సొత్తు కాదు. ఆ తరువాతి హక్కుదారులెవరు, ఎవరికెంత అన్నది దివ్యఖుర్ఆన్‌లోని సూరా అన్నిసా 11, 12, 176 ఆయతులు నిర్ణయించాయి. అదే సూరా 7వ ఆయతు, ఆస్తి కొద్దిదైనా గొప్పదైనా పురుషులతోపాటు స్త్రీలకు కూడా అందులో నిర్ణీతమైన వాటా కలదని ప్రకటించింది. 13, 14 ఆయతులు ఈ వాటాలను అల్లాహ్ విధించిన హద్దులుగా పేర్కొని, వాటిని మీరేవారిని తీవ్రంగా హెచ్చరించాయి. నమాజులోని రకాతుల సంఖ్య ఖుర్ఆన్‌లో వివరించబడలేదు. వారసత్వపు భిన్నాలు మాత్రం ఒక్కొక్కటిగా చెప్పబడ్డాయి. ఈ విషయానికి గల ప్రాముఖ్యాన్ని గ్రహించడానికి ఇదొక్కటి చాలు.

మృతుని ఆస్తి నుంచి నాలుగు హక్కులు వరుసగా చెల్లుతాయి. మొదటిది కఫన్, దఫన్ ఖర్చు. రెండవది అప్పులు. భార్యకు చెల్లించకుండా ఉంచిన మహర్ కూడా అప్పే. ఈ సంగతిని చాలా కుటుంబాలు మరచిపోతాయి. మూడవది వసీయత్, అనగా వీలునామా. అది కూడా మిగిలిన దానిలో మూడవ వంతు మించకుండా. నాలుగవది వారసుల వాటాలు.

మూడవ వంతు హద్దుకు ఆధారం హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఉదంతం. ఆయన మక్కాలో తీవ్రంగా జబ్బుపడ్డారు. అప్పటికి ఆయన సంతానంలో వారసురాలు కుమార్తె ఒక్కతే. ఆస్తిలో మూడింట రెండు వంతులు దానంగా రాయవచ్చునా అని అడిగారు. దైవప్రవక్త (సఅసం) కూడదన్నారు. సగమా అని అడిగితే అదీ కూడదన్నారు. చివరకు మూడవ వంతుకు అనుమతించి, అదీ తక్కువేమీ కాదని, వారసులను పేదలుగా వదిలి ఇతరుల ముందు చేయి చాచనివ్వడం కంటే కలిగినవారుగా వదిలివెళ్ళడం మేలని ఉపదేశించారు. ఇందులో గమనించదగిన మరో విశేషం ఉంది. ఆ జబ్బుతో సఅద్ (రజి) మరణించలేదు. కోలుకుని ఎన్నో సంవత్సరాలు జీవించి మరెందరో బిడ్డలకు తండ్రి అయ్యారు. వీలునామా రాసేనాటి వారసులు, మరణించేనాటి వారసులు ఒకరే కానవసరం లేదని ఈ ఉదంతం బోధిస్తున్నది.

వాటా ఉన్న వారసునికి వసీయత్ లేదన్న హదీసు రెండవ హద్దు. హనఫీ సిద్ధాంతం ప్రకారం, ఒక వారసునికి వీలునామా ద్వారా అదనంగా రాస్తే మిగిలిన వారసులు మరణానంతరం అంగీకరించినప్పుడే అది చెల్లుతుంది. మూడవ వంతు దాటిన వసీయత్‌కు కూడా ఇదే నియమం. షియా న్యాయశాస్త్రం మాత్రం మూడవ వంతు లోపల వారసునికి కూడా రాయడానికి అనుమతిస్తుంది.

భారతదేశంలో 1937 నాటి ముస్లిం పర్సనల్ లా (షరీఅత్) వర్తింపు చట్టం ఉన్నందున, వీలునామా లేకపోయినా ముస్లిం వారసత్వానికి సాధారణంగా షరీఅత్ వాటాలే వర్తిస్తాయి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద వివాహం చేసుకున్నవారి సంగతి వేరు. వారి ఆస్తికి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది.

వసీయత్ ఎవరి కోసం?

పై హద్దులను చూసి, అలాగైతే ముస్లింకు వీలునామాతో పనేమిటని కొందరు తలుస్తారు. అది సరికాదు. రాయవలసిన విషయం ఉన్న విశ్వాసి వసీయత్ రాసి ఉంచుకోకుండా రెండు రాత్రులు గడపరాదని హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతున్నది. వాటా లేనివారి కోసం, తీర్చవలసిన బాధ్యతల కోసం వసీయత్ ఉద్దేశించబడింది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వ్యాపారికి భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. మరో కొడుకు ఇద్దరు పసిబిడ్డలను వదిలి తండ్రికంటే ముందే మరణించాడు. వ్యాపారి ఆస్తి 66 లక్షలు. అంత్యక్రియలు, అప్పులు, భార్య మహర్ కలిపి 6 లక్షలు పోగా 60 లక్షలు మిగిలింది. వసీయత్ లేకపోతే భార్యకు ఎనిమిదవ వంతు, అనగా 7 లక్షల 50 వేలు. మిగిలిన 52 లక్షల 50 వేలలో కొడుకులకు 21 లక్షల చొప్పున, కూతురికి 10 లక్షల 50 వేలు. కొడుకులు బ్రతికి ఉన్నందువల్ల చనిపోయిన కొడుకు బిడ్డలకు వారసత్వంలో ఏమీ రాదు.

ఈ తాత ఆ అనాథ మనుమల పేర వసీయత్ రాసి ఉంటే మూడవ వంతు వరకు, అనగా 20 లక్షల వరకు వారికి చేరేది. అప్పుడు మిగిలిన 40 లక్షలలో భార్యకు 5 లక్షలు, కొడుకులకు 14 లక్షల చొప్పున, కూతురికి 7 లక్షలు వస్తాయి. పూర్తి మూడవ వంతు రాయవలసిన నిర్బంధం లేదు. తక్కువ కూడా రాయవచ్చు. అసలేమీ రాయకుండా వెళ్ళిపోతే మాత్రం ఆ పిల్లలు పినతండ్రుల దయమీద ఆధారపడవలసి వస్తుంది. ఈ ఇబ్బందిని గుర్తించి ఈజిప్టు 1946 నాటి చట్టంలో ఇలాంటి మనుమలకు ‘తప్పనిసరి వసీయత్’ ఏర్పాటు చేసింది. పాకిస్తాన్ 1961 నాటి ఆర్డినెన్సు ద్వారా వారికి నేరుగా వాటా కల్పించింది. దీనిపై ఉలమాలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. భారతదేశంలో అటువంటి చట్టం లేదు. తాత కలమే వారికి దిక్కు.

పెంచుకున్న బిడ్డ, ముస్లిమేతర బంధువు, ఏళ్ళ తరబడి సేవచేసిన పనిమనిషి, మదర్సా, ఆసుపత్రి, వీరందరి కోసం కూడా వసీయత్ ఉపయోగపడుతుంది. చెల్లించకుండా మిగిలిన జకాత్, నెరవేరని హజ్, ఎవరికీ తెలియని అప్పులు, అమానతులు అందులోనే రాయాలి.

భారతదేశంలో ముస్లిం వీలునామా నోటిమాటగా చెప్పినా చెల్లుతుంది. కాగితం మీద రాసినా సాక్షులు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ప్రొబేటు నిర్బంధం కూడా లేదు. అయినప్పటికీ వివాదం వస్తే రుజువు చేయవలసినవారు బ్రతికి ఉన్నవారే కనుక, రాసి ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుని రిజిస్టరు చేయించడం మేలు. వసీయత్‌ను ఎప్పుడైనా మార్చవచ్చు, రద్దు చేయవచ్చు.

హిబా: ఇప్పుడే ఇచ్చివేయడం

వసీయత్‌కు హద్దులున్నాయని తెలిసిన తరువాత చాలామంది హిబా వైపు చూస్తారు. బ్రతికి ఉండగా చేసే దానానికి మూడవ వంతు నిబంధన లేదు. వారసునికి ఇవ్వకూడదన్న నిషేధం లేదు. అయితే హిబాకు మూడు షరతులు ఉన్నాయి: ఇచ్చేవాడు ఇస్తున్నానని ప్రకటించాలి, పుచ్చుకునేవాడు అంగీకరించాలి, వస్తువు అతని స్వాధీనంలోకి వెళ్ళాలి. స్వాధీనం లేనిదే హనఫీ న్యాయశాస్త్రంలో హిబా పూర్తికాదు.

దీనికి హజ్రత్ అబూబక్ర్ (రజి) జీవితం నుంచి ఒక ఉదాహరణ ‘ముఅత్తా’ గ్రంథంలో ఉంది. ఆయన తన కుమార్తె హజ్రత్ ఆయిషా (రజి)కు ఇరవై వసఖుల ఖర్జూరం దానంగా చెప్పి ఉంచారు. ఆమె దానిని కోయించి తీసుకోలేదు. మరణశయ్యపై ఉన్నప్పుడు ఆయన ఆమెను పిలిచి, అది అప్పుడే స్వాధీనం చేసుకుని ఉంటే ఆమెదై ఉండేదని, ఇప్పుడు వారసులందరిదని తెలియజేశారు. ఇచ్చింది తొలి ఖలీఫా, పుచ్చుకోవలసినవారు విశ్వాసుల మాత. అయినప్పటికీ నియమం సడలలేదు.

స్వాధీనం వాస్తవమైనదిగా ఉండాలి. దస్తావేజు కొడుకు పేర రాసి, అద్దెలు తానే వసూలు చేసుకుంటూ, ఇంటిపన్ను తన పేరనే కడుతూ పోయిన తండ్రి హిబా చేశాడని నిరూపించడం కష్టం. తండ్రి మైనరు బిడ్డకు ఇచ్చినప్పుడు, భార్యాభర్తలు కలిసి కాపురముంటున్న ఇంటిని ఒకరు మరొకరికి ఇచ్చినప్పుడు ఈ నియమంలో సడలింపు ఉంది. పంపకం కాని ఉమ్మడి ఆస్తిలో, పంచడానికి వీలున్నప్పటికీ పంచకుండా వాటాను దానం చేయడాన్ని హనఫీలు ‘ముషాఅ’ అని లోపభూయిష్టంగా పరిగణిస్తారు. కాగితంపై రాసిన హిబాకు రిజిస్ట్రేషను లేకపోయినా, మూడు షరతులు నెరవేరితే చెల్లుతుందని సుప్రీంకోర్టు 2011లో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఒక అప్పీలులో తీర్పు చెప్పింది. షరతులు నెరవేరనప్పుడు రిజిస్ట్రేషను ఒక్కటే దానిని నిలబెట్టలేదు. మరణానికి దారితీసే జబ్బులో చేసిన హిబాకు వసీయత్ నియమాలే వర్తిస్తాయి. ఆసుపత్రి మంచం మీద సంతకం చేయించుకునే దస్తావేజుల సంగతి ఇక్కడే తేలిపోతుంది.

చట్టరీత్యా చెల్లే హిబా ధర్మరీత్యా కూడా సరైనదేనా అన్నది వేరే ప్రశ్న. హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి, తాను ఆ ఒక్క కొడుకుకు చేసిన దానానికి దైవప్రవక్త (సఅసం)ను సాక్షిగా ఉండమని కోరారు. మిగిలిన బిడ్డలకు కూడా ఇలాగే ఇచ్చావా అని ఆయన అడిగారు. లేదని తెలిసి సాక్షిగా ఉండడానికి నిరాకరించి, సంతానం మధ్య న్యాయం పాటించమని ఆదేశించారు. హంబలీ పండితులు ఈ సమానత్వాన్ని తప్పనిసరి అన్నారు. ఇతరులు అత్యంత అభిలషణీయం అన్నారు. ఆడపిల్లకు, మగపిల్లవానికి సమానంగా ఇవ్వాలని ఇమామ్ అబూ యూసుఫ్ అభిప్రాయం. ఇమామ్ ముహమ్మద్, ఇమామ్ అహ్మద్ వారసత్వ నిష్పత్తిని పాటించమన్నారు. ఆడపిల్లకు అసలు ఇవ్వకపోవడాన్ని మాత్రం వీరిలో ఎవరూ సమర్థించలేదు. అనారోగ్యం, వైకల్యం, చదువు వంటి వాస్తవమైన అవసరం కోసం ఒక బిడ్డకు ఎక్కువ ఇవ్వడం వేరు. చెల్లెలి వాటా తప్పించడానికి కొడుకుల పేర రాయడం వేరు.

పెళ్ళిలో ఇచ్చాము కదా అన్న మాట తరచు వినవస్తుంది. పెళ్ళిఖర్చు, నగలు, వరుని ఇంటివారు పుచ్చుకున్న కట్నం వారసత్వపు వాటాకు బదులు కావు. వారసత్వ హక్కు తండ్రి మరణంతో పుడుతుంది. అంతకుముందు దానిని ఖర్చురాయడానికి వీలులేదు.

హిబాలో తండ్రికి కూడా ఒక ప్రమాదం ఉంది. అంతా ఇచ్చివేసిన తరువాత వృద్ధాప్యంలో ఆశ్రయం లేకుండా పోవచ్చు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షను ప్రకారం, పోషిస్తాడన్న షరతుతో ఆస్తి పొందినవాడు పోషించకపోతే ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. ఈ షరతు దస్తావేజులోనే స్పష్టంగా ఉండటం క్షేమం.

వక్ఫ్ అలల్ ఔలాద్

ట్రస్టు అనే మాట వినగానే ఇది పాశ్చాత్యుల కల్పన అని భావించనవసరం లేదు. ఆస్తి మూలధనాన్ని కదపకుండా ఉంచి, దాని రాబడిని మాత్రమే వినియోగించే పద్ధతిని ముస్లిములు వక్ఫ్ పేరుతో మొదటినుంచి ఎరుగుదురు. ఖైబర్‌లో లభించిన భూమిని హజ్రత్ ఉమర్ (రజి) దైవప్రవక్త (సఅసం) సలహాపై ఇలాగే అంకితం చేశారు. అమ్మరాదు, దానం చేయరాదు, వారసత్వంగా పంచరాదు. రాబడి పేదలకు, బంధువులకు, బాటసారులకు చెందాలి. రాబడి ముందు సంతానానికి, వంశం అంతరించిన తరువాత పేదలకు చేరేటట్లు చేసే వక్ఫ్‌ను ‘వక్ఫ్ అలల్ ఔలాద్’ అంటారు.

బ్రిటిష్ పాలనలో 1894లో ప్రీవీ కౌన్సిల్ అబుల్ ఫతా కేసులో, పేదలకు చేరే లాభం మరీ దూరపుదని చెప్పి ఇలాంటి వక్ఫ్ చెల్లదని తీర్పు ఇచ్చింది. సంతానాన్ని పోషించడం కూడా పుణ్యకార్యమేనన్న ఇస్లామీ భావన ఆ న్యాయమూర్తులకు అర్థం కాలేదు. మౌలానా షిబ్లీ నుఅమానీ ప్రభృతుల కృషితో, మహమ్మద్ అలీ జిన్నా శాసనమండలిలో ప్రవేశపెట్టిన బిల్లుతో 1913లో ముసల్మాన్ వక్ఫ్ ధ్రువీకరణ చట్టం వచ్చింది. 1930 నాటి చట్టం దానిని పూర్వపు వక్ఫ్‌లకు కూడా వర్తింపజేసింది. మరోవైపు ముస్లిం దేశాలలోనే సిరియా 1949లో, ఈజిప్టు 1952లో కుటుంబ వక్ఫ్‌లను రద్దు చేశాయి. తరాలు గడిచేకొద్దీ లబ్ధిదారులు పెరిగి ఒక్కొక్కరికి దక్కేది నామమాత్రం కావడం, కొన్నిచోట్ల కుమార్తెలను తప్పించడానికి వక్ఫ్‌ను సాధనంగా వాడుకోవడం ఈ పద్ధతిపై వచ్చిన ప్రధాన విమర్శలు.

భారతదేశంలో 2025 ఏప్రిల్ 8 నుంచి అమలులోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం, వక్ఫ్ అలల్ ఔలాద్ వల్ల స్త్రీలతో సహా వారసుల హక్కులకు భంగం కలగరాదని నిర్దేశించింది. లిఖిత దస్తావేజు లేకుండా కొత్త వక్ఫ్ ఏర్పడదని కూడా చెప్పింది. కనీసం ఐదేళ్ళుగా ఇస్లాంను ఆచరిస్తున్నట్లు చూపాలన్న షరతును, దానికి తగిన నియమావళి రూపొందేవరకు సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో నిలిపివేసింది. వక్ఫ్ చేసినది వెనక్కు రాదు. కనుక ఉన్న ఒక్క ఇంటినీ వక్ఫ్ చేయదలచినవారు రెండుమార్లు ఆలోచించాలి.

లివింగ్ ట్రస్టు: పేరు మారినా స్వభావం ఏమిటి?

ఇక అమెరికా సంగతి. అక్కడ షరీఅత్ చట్టం లేదు. ముస్లిం వీలునామా లేకుండా మరణిస్తే అతని రాష్ట్రపు చట్టం ఆస్తిని పంచుతుంది. భార్యాబిడ్డలు ఉన్న వ్యక్తి టెక్సాస్‌లో మరణిస్తే, గుంటూరులో ఉన్న తల్లిదండ్రులకు ఆ చట్టం కింద ఏమీ రాదు. ఖుర్ఆన్ ప్రకారం సంతానం ఉన్నప్పటికీ తల్లికి, తండ్రికి చెరొక ఆరవ వంతు ఉంది. కనుక ఇక్కడ వీలునామా రాయకపోయినా షరీఅత్ వాటాలు దక్కుతాయి కాని, అక్కడ రాయకపోతే పోతాయి. అక్కడి ముస్లింకు ఏదో ఒక పత్రం రాయడం ధర్మరీత్యా తప్పనిసరి అవుతుంది.

వీలునామా రాస్తే అది సాధారణంగా కోర్టులో ప్రొబేటు జరిగిన తరువాతే అమలవుతుంది. కాలిఫోర్నియాలో వకీలు రుసుమును చట్టమే నిర్ణయించింది: మొదటి లక్ష డాలర్లపై 4 శాతం, తరువాతి లక్షపై 3 శాతం, ఆపై ఎనిమిది లక్షలపై 2 శాతం. పది లక్షల డాలర్ల ఆస్తికి ఇది 23 వేల డాలర్లు. వీలునామా అమలుచేసే వ్యక్తి కూడా అంతే కోరవచ్చు. ఇంటిపై ఉన్న అప్పును మినహాయించకుండా పూర్తి విలువపై ఈ లెక్క వేస్తారు. అందువల్లనే ఆ రాష్ట్రంలో లివింగ్ ట్రస్టుకు ఆదరణ ఎక్కువ.

దీనిలో యజమాని ఒక ట్రస్టు పత్రం రాసి, తన ఇల్లు, ఖాతాలు ఆ ట్రస్టు పేరుకు మారుస్తాడు. బ్రతికి ఉన్నంతకాలం తానే ట్రస్టీ, తానే లబ్ధిదారుడు. ఎప్పుడైనా మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. మతిస్థిమితం తప్పినా, మరణించినా, అతడు నియమించిన మరో ట్రస్టీ కోర్టుతో పనిలేకుండా వ్యవహారం నడుపుతాడు. ఇవన్నీ నిజమైన సౌకర్యాలు. దీనివల్ల పన్ను తగ్గుతుందని, అప్పులవాళ్ళ నుంచి రక్షణ దొరుకుతుందని అనుకోవడం మాత్రం పొరపాటు.

షరీఅత్ దృష్టిలో ఇది ఏమవుతుంది? వక్ఫ్ కాదు, ఎందుకంటే వెనక్కు తీసుకోవచ్చు, శాశ్వతం కాదు. హిబా కూడా కాదు. ట్రస్టు ద్వారా హిబా చేయాలంటే ట్రస్టీలు అంగీకరించి, ఆస్తి వారి స్వాధీనంలోకి వెళ్ళాలన్నది భారత న్యాయస్థానాలు కూడా పాటించే నియమం. ఇక్కడ ఇచ్చేవాడే ట్రస్టీ. ఆస్తి అతని చేయి దాటి పోలేదు. అబూబక్ర్ (రజి) ఖర్జూరం విషయంలో వర్తించిన నియమమే ఇక్కడా వర్తిస్తుంది. మరణించే క్షణం వరకు అతని అధీనంలోనే ఉండి, మరణం తరువాతనే ఇతరులకు చేరే సొత్తుకు సంబంధించిన ఆదేశం, దానికి ఏ పేరు పెట్టినా, స్వభావంలో వసీయతే. కనుక మూడవ వంతు హద్దు, వారసునికి వసీయత్ లేదన్న నియమం రెండూ దానికి వర్తిస్తాయి. ట్రస్టు పేరుతో కొడుకుకు అంతా రాయడం, వీలునామాలో రాయడం కంటే ధర్మసమ్మతం కాజాలదు.

అయితే ట్రస్టు పత్రంలో అప్పులు, మహర్ చెల్లించి, మూడవ వంతు లోపల వాటా లేనివారికి రాసి, మిగిలినది షరీఅత్ వాటాల ప్రకారం పంచమని ఆదేశిస్తే అభ్యంతరం లేదు. అప్పుడది అల్లాహ్ ఆజ్ఞను అమలుచేసే సాధనమే అవుతుంది. ఇలా రాసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం.

పేర్లకు ఎదురుగా శాతాలు రాయరాదు. సఅద్ (రజి) ఉదంతం చెప్పినట్లు వారసులు మారవచ్చు. మరణించిన రోజున బ్రతికి ఉన్న వారసులకు అని రాసి, వాటాల వివరం పట్టికగా జతచేయాలి. షరీఅత్ ప్రకారం పంచాలని ఒక్క మాట రాసి వదిలేస్తే, మతశాస్త్ర వివాదంలో తలదూర్చడానికి వెనుకాడే అమెరికా న్యాయస్థానం దానిని ఎలా అమలుచేస్తుందో చెప్పలేము.

భార్య హక్కులను ముందే తేల్చుకోవాలి. టెక్సాస్, కాలిఫోర్నియాలలో వివాహకాలంలో ఆర్జించినదానిలో సగం మొదటినుంచీ భార్యదే. భర్త తన సగం గురించి మాత్రమే రాయగలడు. ఇతర రాష్ట్రాలలో అనేకం, పత్రంలో ఏమి రాసినా భార్య కోరి తీసుకోగల వాటా ఒకటి ఏర్పరచాయి. షరీఅత్ వాటాకు ఆమె సమ్మతిస్తే ఆ సమ్మతి ఒత్తిడి లేకుండా, ఆమెకు పూర్తిగా తెలిసి, లిఖితపూర్వకంగా ఉండాలి.

ఆస్తిని ట్రస్టు పేరుకు మార్చకపోతే ఆ పత్రం వట్టి కాగితమే. ట్రస్టు ఉన్నప్పటికీ చిన్న వీలునామా ఒకటి ఉండాలి. ట్రస్టులో చేరకుండా మిగిలినది దానిద్వారా చేరుతుంది. పసిబిడ్డల సంరక్షకుణ్ణి నియమించేది కూడా అదే. పదవీవిరమణ ఖాతాలు, జీవితబీమా సొమ్ము వీలునామాను చూడవు. ఫారంలో రాసిన పేరుకే పోతాయి. భారతదేశంలో ఉన్న పొలం, ఇల్లు ఇక్కడి చట్టానికే లోబడి ఉంటాయి కనుక వాటికి విడిగా ఇక్కడి వీలునామా రాయడం మంచిది. బ్యాంకు ఖాతాల నామినీ విషయంలో మన చట్టం వేరు. ఇక్కడ నామినీ సొమ్ము పుచ్చుకుని వారసులకు అందజేయవలసినవాడే కాని దానికి యజమాని కాడు.

ఏది ఎంచుకోవాలి?

భారతదేశంలో నివసించే సాధారణ కుటుంబానికి వసీయత్ చాలు: అప్పులు, మహర్, అమానతులు, అనాథ మనుమలు, ధర్మకార్యాలు అందులో రావాలి. మిగిలినదాన్ని షరీఅత్ పంచుతుంది. అవసరంలో ఉన్న బిడ్డకో, భార్యకో నివాసం ఏర్పరచాలంటే ఆరోగ్యంగా ఉండగానే, మిగిలిన బిడ్డలకు తెలియజేసి, నిజంగా స్వాధీనం చేసి హిబా చేయాలి. పెద్ద ఆస్తి ఉండి, దాని రాబడితో తరతరాల సేవ తలపెట్టినవారికి వక్ఫ్ ఉంది. అమెరికాలో ఇల్లు ఉన్నవారికి, ముఖ్యంగా ప్రొబేటు భారమైన రాష్ట్రాలలో, ట్రస్టు వీలునామా కంటే సౌకర్యంగా ఉండవచ్చు. ఇంటివిలువ తక్కువై, ప్రొబేటు సులభమైనచోట వీలునామా ఒక్కటే సరిపోతుంది. ఆ తేడా ఖర్చుకు సంబంధించినది. హలాల్ హరామ్‌లకు సంబంధించినది కాదు.

ఏ కాగితం ఎంచుకున్నా దానిని ఒక్కసారి ఇంటిలోని ఆడపిల్ల స్థానంలో నిలబడి చదివి చూడాలి. తండ్రి పోయిన తరువాత ఆ పత్రాన్ని తెరిచి చూసే కూతురికి, అల్లాహ్ తనకు ఇచ్చిన వాటాను తండ్రి కాపాడి వెళ్ళాడో, కలంపోటుతో కొట్టివేశాడో అందులో కనిపిస్తుంది. అప్పటికి తండ్రికి దానిని సరిదిద్దే అవకాశం ఉండదు. ఆ అవకాశం ఈ రోజు ఉన్నది. దానిని సద్వినియోగం చేసుకునే భాగ్యాన్ని అల్లాహ్ అందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.